హుజూర్‌నగర్ ఎమ్మెల్యే మఖ్దూం: అందరికీ ఒకే దస్తర్‌ఖాన్ కోరిన షాయర్

త్రిపురారం: మఖ్దూం మొహియుద్దీన్ పేరు చెబితే ఉర్దూ తెలిసిన ఇళ్లల్లో పెద్దవాళ్లకు గజల్ గుర్తొస్తుంది. సినిమాలు ఇష్టపడేవాళ్లకు బాజార్ సినిమా పాట గుర్తొస్తుంది. హైదరాబాద్ వెళ్లొచ్చినవాళ్లకు ట్యాంక్‌బండ్ మీద విగ్రహం, హిమాయత్‌నగర్‌లో మఖ్దూం భవన్ బోర్డు గుర్తుంటాయి. కానీ ఆ షాయర్ మన పక్కనున్న హుజూర్‌నగర్‌కు ఎమ్మెల్యేగా పనిచేశారన్న సంగతి ఈ తరంలో చాలామందికి తెలియదు. త్రిపురారం నుంచి మిర్యాలగూడ మీదుగా పోతే హుజూర్‌నగర్ ఎంతో దూరం లేదు. 1952లో ఆ నియోజకవర్గం రైతులు, కూలీలు హైదరాబాద్ నుంచి వచ్చిన ఒక ఉర్దూ షాయర్‌ను గెలిపించి అసెంబ్లీకి పంపారు.

అది మామూలు గెలుపు కాదు. పోలీస్ యాక్షన్ జరిగి అప్పటికి నాలుగేళ్లు. తెలంగాణలో ముస్లింలు భయంతో, అనుమానాల మధ్య బతుకుతున్న రోజులు. అలాంటి సమయంలో హిందూ రైతులు ఎక్కువగా ఉన్న ఒక పల్లె నియోజకవర్గం మఖ్దూంను తన మనిషి అనుకుంది. ఎందుకు అనుకుందో తెలియాలంటే ఆయన జీవితాన్ని మొదటి నుంచి చూడాలి.

అందోల్ అనాథ

మఖ్దూం 1908 ఫిబ్రవరి 4న మెదక్ జిల్లా అందోల్‌లో పుట్టారు. ఇప్పుడది సంగారెడ్డి జిల్లాలో ఉంది. చిన్నప్పుడే తండ్రి చనిపోయారు. తల్లికి మళ్లీ నిఖా అయింది. పిల్లవాడు చాచా బషీరుద్దీన్ ఇంట్లో పెరిగాడు. తల్లి బతికే ఉన్నదన్న సంగతి కూడా చాలా ఏళ్లు ఆయనకు తెలియదు.

ఆ ఇల్లు దీన్‌దారీ ఇల్లు. ఐదు పూటల నమాజ్, ఖుర్ఆన్ చదువు తప్పనిసరి. మసీదు ఊడ్చడం, వజూకు నీళ్లు నింపడం కుర్రవాడి పని. చాచాకు పత్రికలు చదివే అలవాటు ఉండేది. దేశంలో, ప్రపంచంలో ఏం జరుగుతోందో ఇంట్లోవాళ్లకు చెప్పేవారు. రష్యాలో 1917లో రాజును దించేశారనీ, ఇప్పుడు అక్కడ అందరూ ఒకే దస్తర్‌ఖాన్ మీద కూర్చుని తింటారనీ ఒకరోజు చెప్పారట. మఖ్దూంకు అప్పుడు తొమ్మిది, పదేళ్లు. రాజ్యం, విప్లవం అంటే ఏంటో తెలిసే వయసు కాదు. కానీ అనాథ పిల్లవాడికి అందరూ కలిసి తినడం అంటే ఏంటో తెలుసు. ఆ మాట మనసులో ఎలా నాటుకుపోయిందో మఖ్దూం పెద్దయ్యాక చాలాసార్లు చెప్పుకున్నారు.

1929లో పై చదువుల కోసం హైదరాబాద్ వచ్చారు. చేతిలో పైసలు లేవు. కొన్నాళ్లు మసీదులో పడుకున్నారు. ట్యూషన్లు చెప్పారు, సినిమా తారల ఫోటోలు అమ్మారు, పత్రికలకు రాశారు. అట్లా తిప్పలు పడుతూనే ఉస్మానియా యూనివర్సిటీలో 1934లో బీఏ, 1936లో ఎంఏ పూర్తి చేశారు. చదువుకునే రోజుల్లోనే పీలా దోశాలా అనే నవ్వులాట కవిత రాసి క్యాంపస్‌లో పేరు తెచ్చుకున్నారు. బెర్నార్డ్ షా నాటకం ఆధారంగా హోష్ కే నాఖూన్ అనే ఉర్దూ నాటకం వేశారు. ఆ షా నాటకం మురికివాడల్లో పేదల దగ్గర కిరాయి గుంజి పెద్దమనుషులైన వాళ్ల గురించి. 1935లో టాగోర్ మీద ఉర్దూలో ఒక పుస్తకం కూడా రాశారు.

1939లో సిటీ కాలేజీలో ఉర్దూ లెక్చరర్ ఉద్యోగం వచ్చింది. ఆ కాలంలో అది గౌరవమైన నౌకరీ, నెల నెలా జీతం. అనాథగా పెరిగినవాడికి అంతకన్నా ఏం కావాలి అని ఎవరైనా అనుకుంటారు. నాలుగైదేళ్లు కూడా తిరక్కముందే మఖ్దూం దాన్ని వదిలేశారు.

ప్రపంచంలోనే ధనవంతుడి రాజ్యంలో

ఎందుకు వదిలారో అర్థం కావాలంటే అప్పటి నిజాం రాజ్యం ఎట్లా ఉండేదో చూడాలి. 1937 ఫిబ్రవరిలో అమెరికా పత్రిక టైమ్ తన ముఖచిత్రంగా మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ ఫోటో వేసి ఆయన్ను ప్రపంచంలోనే పెద్ద ధనవంతుడని రాసింది. అదే రాజ్యంలో మన నల్గొండ పల్లెల్లో వెట్టి నడిచేది. చెప్పులు కుట్టేవాడు దొరకు ఉత్తగా చెప్పులు ఇయ్యాలి. చాకలి ఉత్తగా బట్టలు ఉతకాలి. అధికారి ఊరికొస్తే కట్టెలు, కోళ్లు, బండి అన్నీ ఊరివాళ్లే సమకూర్చాలి. కూలి అడగడం అంటే దొరను ధిక్కరించడమే.

రాజ్యంలో భూమి మూడు రకాలు. దాదాపు 60 శాతం దీవానీ, 30 శాతం జాగీర్లు, 10 శాతం నిజాం సొంత ఖర్చుల కోసం ఉన్న సర్ఫెఖాస్. దీవానీ భూముల్లో కూడా దేశ్‌ముఖ్‌లు, పట్వారీలు కాగితాలు రాసుకుని వేల ఎకరాలు పోగేశారు. విస్నూరు దేశ్‌ముఖ్‌కు 40,000 ఎకరాలు, సూర్యాపేట ప్రాంతపు ఎర్రపహాడ్ దొరకు లక్షన్నర ఎకరాలు ఉన్నాయని ఆ కాలం గురించి రాసిన పుస్తకాలు చెబుతాయి. ఊళ్లో గడి, గడి ముందు చేతులు కట్టుకున్న జనం. అదీ పరిస్థితి.

ఇక్కడ ఒక విషయం సాఫ్‌గా చెప్పుకోవాలి. రాజు ముస్లిం కాబట్టి ముస్లింలందరూ సుఖంగా ఉన్నారనే మాట నిజం కాదు. సర్కారీ నౌకరీలు, జాగీర్లు దొరికినవాళ్లు కొద్దిమందే. పల్లెల్లో దూదేకులవాళ్లు, కసాబులు, కౌలు రైతులు, కూలీలు అందరూ వెట్టి కిందే నలిగారు. జనగామ తాలూకా కామారెడ్డిగూడెంలో షేక్ బందగీ అనే పేద రైతు తన భూమి కోసం విస్నూరు దొర మీద కోర్టుకు ఎక్కాడు. దొర మనుషులు ఆయన్ను చంపారు. ఆయన కథ ఆధారంగానే సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు మా భూమి నాటకం రాశారు. తెలంగాణ భూపోరాటం చరిత్ర చెప్పేటప్పుడు మొదటి పేర్లలో బందగీ పేరు వస్తుంది.

ఈ అన్యాయం ఊళ్లల్లో మాత్రమే కాదు, ఫ్యాక్టరీల్లోనూ ఉందని మఖ్దూం గమనించారు. 1939లో రాజ్ బహాదుర్ గౌర్ లాంటి యువకులతో కలిసి కామ్రేడ్స్ అసోసియేషన్ పెట్టారు. తర్వాత కమ్యూనిస్టు పార్టీలో చేరారు. రైల్వే కార్మికులు, చార్మినార్ సిగరెట్ ఫ్యాక్టరీ, బొత్తాల ఫ్యాక్టరీ, బట్టల మిల్లులు, షాబాద్ సిమెంటు, ఇట్లా ఒక్కొక్క చోటికి వెళ్లి సంఘాలు కట్టారు. పగలు గేటు దగ్గర మీటింగు, రాత్రి ముషాయిరా. కార్మికులకు ఆయన లీడరూ, షాయరూ. 1946లో ఈ సంఘాలన్నీ ఒక గొడుగు కిందికి వచ్చి ఆల్ హైదరాబాద్ ట్రేడ్ యూనియన్ కాంగ్రెస్ అయినప్పుడు దానికి అధ్యక్షుడు మఖ్దూమే.

బెంగాల్ ఆకలి, హైదరాబాద్ కలం

1943లో బెంగాల్‌లో కరువు వచ్చింది. దాదాపు 30 లక్షల మంది చనిపోయారు. మఖ్దూం బంగాల్ పేరుతో నజ్మ్ రాశారు. మరుసటి ఏడాది, 1944లో వచ్చిన ఆయన మొదటి పుస్తకం సుర్ఖ్ సవేరా. ప్రేమ కవితలూ, పోరాట కవితలూ ఒకే పుస్తకంలో పక్కపక్కనే ఉంటాయి. తెలంగాణ పల్లె స్త్రీ మీద రాసిన తెలంగన్ ఆ కాలంలో చాలా పేరు పొందింది. దర్బారుల్లో పుట్టి పెరిగిన ఉర్దూ కవిత్వంలోకి పొలం పని చేసే తెలుగు ఆడమనిషి గౌరవంగా నడిచి వచ్చింది.

బెంగాల్ కరువు గురించి తర్వాతి కాలంలో లోతుగా లెక్కలు తీసిన మనిషి అమర్త్య సేన్. కరువు వచ్చినప్పుడు ఆయన అక్కడే ఉన్న పదేళ్ల లోపు పిల్లవాడు. పెద్దయ్యాక ఆయన తేల్చింది ఏమంటే, ఆ ఏడాది బెంగాల్‌లో తిండిగింజలు మరీ అంతగా తగ్గలేదు. ధరలు పెరిగి, కూలి పెరగక, కొనే శక్తి లేని కూలీలు, చేపలు పట్టేవాళ్లు చనిపోయారు. అంటే గింజలు ఉన్నాయి, వాటి మీద పేదవాడికి హక్కు లేదు. మఖ్దూం ఆర్థికశాస్త్రం చదివినవాడు కాదు. కానీ ఆకలి దేవుడు పంపిన శిక్ష కాదు, మనుషులు చేసిన ఏర్పాటు అన్న సంగతి ఆయనకు ఆ రోజే తెలుసు.

మన దీన్‌లో ఈ మాట కొత్తది కాదు. ఖుర్ఆన్‌లో సూరా అజ్-జారియాత్‌లోనూ, సూరా అల్-మఆరిజ్‌లోనూ ఉన్నవాళ్ల సంపదలో అడిగేవాళ్లకూ, అడగలేక మిగిలిపోయినవాళ్లకూ ఉన్నదాన్ని హఖ్ అనే మాటతోనే చెప్పారు. హఖ్ అంటే హక్కు. జకాత్ ఇచ్చేవాడు ఎవరికో మేలు చేస్తున్నట్టు కాదు, ఎదుటివాడి వాటా వాడికి అప్పగిస్తున్నట్టు. మసీదు ఊడ్చి పెరిగిన మఖ్దూం కమ్యూనిస్టు అయ్యారు. ఆ దారిని ఆనాటి ఉలమా చాలామంది ఒప్పుకోలేదు, ఈ రోజు చదివేవాళ్లలోనూ ఒప్పుకోనివాళ్లు ఉంటారు. అయితే పేదవాడు చెయ్యి చాపకూడదు, తన వాటా తాను తీసుకోవాలన్న ఆయన పట్టుదలను మాత్రం ఆ విరోధం ఉన్నవాళ్లు కూడా కాదనలేదు.

అజ్ఞాతం, పోరాటం, జైలు

1946 జులై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్యను దొర మనుషులు కాల్చి చంపారు. అక్కడి నుంచి తెలంగాణ రైతాంగం తిరగబడింది. 1947 సెప్టెంబర్ 11న రావి నారాయణరెడ్డి, బద్దం ఎల్లారెడ్డి, మఖ్దూం మొహియుద్దీన్ ముగ్గురూ కలిసి సాయుధ పోరాటానికి పిలుపునిచ్చారు. ఇద్దరు రెడ్లు, ఒక ముస్లిం. ముగ్గురిలో ఒకరికి తెలుగు పల్లె మీద పట్టు, ఒకరికి కరీంనగర్ వైపు పలుకుబడి, ఒకరికి నగర కార్మికుల మీద మాట చెల్లుబాటు.

నల్గొండ జిల్లాలో సూర్యాపేట, హుజూర్‌నగర్, మిర్యాలగూడ తాలూకాలు ఈ పోరాటానికి గుండెకాయ లాంటివి. కోదాడ పక్కనే మునగాల పరగణా ఉండేది. చుట్టూ నిజాం రాజ్యం ఉన్నా అది మాత్రం బ్రిటిష్ వాళ్ల కృష్ణా జిల్లా కిందికి వచ్చేది. పార్టీ లెక్క ప్రకారం 3,000 ఊళ్లల్లో గ్రామ కమిటీలు నడిచాయి, 10 లక్షల ఎకరాలు పంచారు, దాదాపు 4,000 మంది ప్రాణాలు పోయాయి. వెట్టి ఆగింది. కూలి పెరిగింది. చాలా ఊళ్లల్లో మనిషి మొదటిసారి గడి ముందు నుంచి చెప్పులు వేసుకుని నడిచాడు.

మఖ్దూం ఈ ఏళ్లన్నీ అజ్ఞాతంలో గడిపారు. కాసిం రజ్వీ రజాకార్లు మతం పేరు చెప్పి ఊళ్ల మీద పడుతున్నప్పుడు, ఒక ముస్లిం నాయకుడు వాళ్లకు ఎదురుగా, రైతుల వైపు నిలబడటం చిన్న సంగతి కాదు. సొంత సమాజంలో కొందరు ఆయన్ను ద్రోహి అన్నారు. ఇదే నిజాం రాజ్యంలో రజాకార్లకు వ్యతిరేకంగా రాసినందుకు ఇమ్రోజ్ పత్రిక ఎడిటర్ షోయబుల్లా ఖాన్‌ను 1948 ఆగస్టులో చంపేశారు. ఆ ప్రమాదం ఎంత దగ్గరగా ఉండేదో దీన్ని బట్టి తెలుస్తుంది.

1948 సెప్టెంబర్ 13న భారత సైన్యం వచ్చింది. ఒక దళం విజయవాడ నుంచి కోదాడ, సూర్యాపేట దారినే నడిచింది. ఐదు రోజుల్లో నిజాం లొంగిపోయారు. ఆ తర్వాత హైదరాబాద్ రాజ్యంలో, ముఖ్యంగా ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ వైపు ముస్లింల మీద ఘోరాలు జరిగాయి. నెహ్రూ పంపిన సుందర్‌లాల్ కమిటీ కనీసం 27,000 నుంచి 40,000 మంది చనిపోయి ఉంటారని లెక్క చెప్పింది. ఆ రిపోర్టు దశాబ్దాల పాటు బయటికి రాలేదు. సర్కారీ నౌకరీలు పోయాయి, ఉర్దూ చదువుకున్న యువకులకు దారులు మూసుకుపోయాయి. దొరల పాలన పోయిందని సంతోషించాలో, మనవాళ్ల శవాలను చూసి ఏడ్వాలో తెలియని కాలం అది.

పార్టీ మీద నిషేధం ఉంది. సాయుధ పోరాటం కొనసాగుతూనే ఉంది. 1951లో మఖ్దూం పట్టుబడి జైలుకు వెళ్లారు. అదే ఏడాది అక్టోబర్‌లో పార్టీ పోరాటాన్ని విరమించింది.

హుజూర్‌నగర్ ఓటు

1952లో మొదటి సాధారణ ఎన్నికలు జరిగాయి. కమ్యూనిస్టులు పీపుల్స్ డెమోక్రటిక్ ఫ్రంట్ పేరుతో పోటీ చేశారు. నల్గొండ నుంచి రావి నారాయణరెడ్డి లోక్‌సభకు గెలిచారు. ఆయనకు నెహ్రూ కన్నా ఎక్కువ ఓట్లు పడ్డాయని దేశమంతా చెప్పుకుంది. మఖ్దూం మాత్రం హైదరాబాద్ నగరంలో ఓడిపోయారు.

హుజూర్‌నగర్ నుంచి అదే ఫ్రంట్ తరఫున డాక్టర్ జయసూర్య గెలిచారు. ఆయన సరోజినీ నాయుడు కొడుకు. ఆయన మెదక్ నుంచి లోక్‌సభకు కూడా గెలవడంతో హుజూర్‌నగర్ సీటు వదులుకున్నారు. ఉపఎన్నిక వచ్చింది. ఫ్రంట్ మఖ్దూంను నిలబెట్టింది. గెలిచారు.

తాను పుట్టిన జిల్లా కాదు, తన మాతృభాష మాట్లాడే ఊళ్లు కాదు. ఓటర్లలో చాలామందికి ఆయన షాయరీ అర్థం కాదు. అయినా ఓటు వేశారు. తమ భూమి కోసం, తమ కూలి కోసం ఉద్యోగం వదిలి, ఇల్లు వదిలి, జైలుకు పోయిన మనిషి అన్న ఒక్క లెక్క వాళ్లకు సరిపోయింది. పేరు ఏమిటి, మజహబ్ ఏమిటి అని అడగలేదు. పోలీస్ యాక్షన్ గాయం ఇంకా పచ్చిగా ఉన్న రోజుల్లో ఇక్కడి పల్లెలు ఇచ్చిన ఈ జవాబును తెలంగాణ ముస్లింలు మర్చిపోకూడదు. ఇక్కడి పల్లెలు కూడా మర్చిపోకూడదు.

ఆ అసెంబ్లీ ముందున్న పెద్ద ప్రశ్న భూమే. 1949 ఆగస్టులో జాగీర్దారీ రద్దయింది. 1950లో హైదరాబాద్ కౌలుదారీ చట్టం వచ్చింది. ఏళ్ల తరబడి దున్నుతున్న కౌలు రైతుకు రక్షిత కౌలుదారు అన్న గుర్తింపు, భూమి కొనుక్కునే అవకాశం ఆ చట్టం ఇచ్చింది. 1954లో దానికి సవరణలు కూడా వచ్చాయి. కాగితం మీద ఇది దేశంలోనే గట్టి చట్టాల్లో ఒకటి. నడిచింది మాత్రం వేరు. చట్టం వస్తుందని తెలియగానే చాలామంది దొరలు భూములు అమ్మేశారు, బంధువుల పేర్ల మీద రాసుకున్నారు, కౌలుదార్లను వెళ్లగొట్టారు. పోరాటంలో పంచిన భూమి చాలా ఊళ్లల్లో మళ్లీ పాతవాళ్ల చేతికే పోయింది. హక్కు రాసి ఉండటం వేరు, హక్కు చేతికి రావడం వేరు. రెండింటి మధ్య పట్వారీ, పోలీసు, కోర్టు ఖర్చు, చదువు రాకపోవడం అనే నాలుగు గోడలు ఉన్నాయి.

వియన్నా నుంచి కాంగో దాకా

1950ల మధ్యలో మఖ్దూం కొంతకాలం వియన్నాలో ఉన్నారు. ప్రపంచ కార్మిక సంఘాల సమాఖ్య ఆఫీసు అప్పుడు అక్కడ ఉండేది. ఆ పని మీద చైనా, సోవియట్ దేశం, తూర్పు యూరప్ తిరిగారు. ఆసియా, ఆఫ్రికా దేశాల కార్మికుల పరిస్థితి దగ్గర నుంచి తెలుసుకున్నారు. హుజూర్‌నగర్ కూలీ, కాంగో గనికార్మికుడు ఒకే బాధలో ఉన్నారన్న సంగతి ఆయనకు అక్కడ ఇంకా స్పష్టమైంది.

కాంగో సంగతి చూడండి. రాగి, కోబాల్ట్, యురేనియం అన్నీ అక్కడి నేలలో ఉన్నాయి. బెల్జియం దశాబ్దాల పాటు తవ్వుకుపోయింది. 1960 జూన్ 30న స్వాతంత్ర్యం ఇచ్చి వెళ్లేటప్పటికి డిగ్రీ చదివిన కాంగో మనుషులు వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే. ఆ దేశ మొదటి ప్రధాని పాట్రిస్ లుముంబా తమ గనుల మీద తమకే అధికారం ఉండాలన్నారు. ఏడు నెలలు తిరక్కముందే, 1961 జనవరి 17న ఆయన్ను చంపేశారు. ఆ వార్త విని మఖ్దూం చుప్ న రహో అనే నజ్మ్ రాశారు. ఊరుకోవద్దు అని ఆ పేరుకు అర్థం. హైదరాబాద్‌లో కూర్చున్న షాయర్‌కు లుముంబా ఎవరు? బందగీ ఎవరో, లుముంబా కూడా ఆయనకు అదే. ఇద్దరినీ చంపింది తమ నేల తమదని అన్నందుకే.

1968 ఏప్రిల్ 4న అమెరికాలో మార్టిన్ లూథర్ కింగ్‌ను చంపారు. ఆయన ఆ రోజు మెంఫిస్ నగరంలో చెత్త ఎత్తే కార్మికుల సమ్మెకు మద్దతుగా వచ్చి ఉన్నారు. ఆయన మీద కూడా మఖ్దూం నజ్మ్ రాశారు.

మఖ్దూం కవిత్వంలో చెప్పిన ఈ మాటను తర్వాత ప్రపంచం కాగితం మీద పెట్టింది. 1972లో సెనెగల్ న్యాయకోవిదుడు కేబా ఎంబాయ్ అభివృద్ధిని మానవ హక్కుగా చూడాలని వాదించారు. 1981లో ఆఫ్రికా దేశాలు తమ మానవ హక్కుల చార్టర్‌లో ఆ హక్కును చేర్చాయి. 1986 డిసెంబర్ 4న ఐక్యరాజ్యసమితి అభివృద్ధి హక్కు ప్రకటనను ఆమోదించింది. 146 దేశాలు ఒప్పుకున్నాయి. అమెరికా ఒక్కటే వద్దంది. బ్రిటన్, జపాన్, పశ్చిమ జర్మనీ వంటి 8 దేశాలు ఎటూ ఓటు వేయలేదు. 1993లో ప్రపంచ మానవ హక్కుల సభ మళ్లీ ఆ హక్కును గట్టిపరిచింది. ఆ సభ జరిగింది వియన్నాలోనే, మఖ్దూం ఒకప్పుడు పనిచేసిన ఊళ్లో.

ఆ ప్రకటన సారం సులువుగా చెప్పాలంటే మూడు మాటలు. అభివృద్ధికి కేంద్రం మనిషి. ఆ అభివృద్ధిలో పాల్గొనే హక్కు, దాని ఫలం అందుకునే హక్కు ప్రతి మనిషికీ ఉంది. తమ సహజ సంపద మీద అధికారం ఆ ప్రజలదే. రోడ్డు వేశాం, కాలువ తవ్వాం అని సర్కారు చెప్పుకోవడం సరిపోదు. ఆ కాలువ నీళ్లు ఎవరి చేను దాకా వచ్చాయో కూడా చెప్పాలి.

ఈ ప్రకటన వచ్చి ఎన్నో ఏళ్లయినా పరిస్థితి పెద్దగా మారలేదు. ప్రపంచ అసమానత నివేదిక 2022 ప్రకారం ప్రపంచ సంపదలో 76 శాతం పైనున్న 10 శాతం మంది చేతుల్లో ఉంది. కింద ఉన్న సగం మందికి దక్కింది 2 శాతం. మన దేశంలో ఆదాయంలో 57 శాతం పై 10 శాతానికి పోతే, కింది సగానికి 13 శాతం.

సాగర్ నీళ్లు, మిగిలిన లెక్క

1955 డిసెంబర్ 10న నెహ్రూ నాగార్జునసాగర్‌కు పునాది రాయి వేశారు. 1967 ఆగస్టు 4న ఇందిరా గాంధీ కాలువలకు నీళ్లు వదిలారు. ఎడమ కాలువ వచ్చాక త్రిపురారం, మిర్యాలగూడ, హుజూర్‌నగర్ ప్రాంతం రూపు మారింది. మెట్ట పొలాల్లో వరి వచ్చింది. పెద్దదేవులపల్లి రిజర్వాయర్ నిండింది. మిర్యాలగూడ రైస్ మిల్లుల ఊరైంది. ఇది నిజమైన అభివృద్ధే, ఎవరూ కాదనలేరు.

కానీ నీళ్లు భూమి ఉన్నవాడికే లాభం. కౌలు కాగితం చేతికి రాని కుటుంబాలు, పోరాటంలో దొరికిన ఎకరం మళ్లీ పోగొట్టుకున్న కుటుంబాలు కాలువ గట్టు మీద కూలీలుగానే మిగిలాయి. ఆ కుటుంబాల్లో ముస్లింలు కూడా ఉన్నారు. కాలువ చివరి ఊళ్లకు నీళ్ల కొరత, నల్గొండ జిల్లాలో ఎన్నో ఊళ్లకు ఫ్లోరైడ్ నీళ్లు, ఇవన్నీ పక్కపక్కనే ఉన్నాయి. దేశంలో ముస్లింల వెనకబాటు గురించి 2006లో సచార్ కమిటీ చెప్పింది. తెలంగాణ ముస్లింల గురించి 2016లో సుధీర్ కమిషన్ చెప్పింది. చదువు, నౌకరీ, భూమి, బ్యాంకు అప్పు, అన్నింట్లో వెనకే ఉన్నామని రెండూ తేల్చాయి. 2007 నుంచి ఉన్న బీసీ-ఈ 4 శాతం రిజర్వేషన్ వల్ల ఎన్నో ఇళ్లల్లో మొదటి ఇంజినీరు, మొదటి డాక్టరు, మొదటి టీచరు వచ్చారు. కోర్టుల్లో దాని మీద వాదనలు ఆగలేదు. ఇది ఎవరి దయతోనో వచ్చిన ఇనాం కాదు కాబట్టే దాన్ని కాపాడుకోవడానికి మాట్లాడవలసి వస్తోంది.

చివరి రోజులు

ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక 1958లో శాసనమండలి వచ్చింది. మఖ్దూం అందులో సభ్యులయ్యారు, ప్రతిపక్ష నాయకుడిగా పనిచేశారు. 1961లో గులె తర్, 1966లో బిసాతె రక్స్ పుస్తకాలు వచ్చాయి. బిసాతె రక్స్‌కు 1969లో సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. 1964లో వచ్చిన చాచాచా సినిమాలో, ఆయన పోయాక గమన్, బాజార్ సినిమాల్లో ఆయన గజళ్లు, నజ్మ్‌లు పాటలయ్యాయి. పాకిస్తాన్ మహాకవి ఫైజ్ అహ్మద్ ఫైజ్ ఆయన జ్ఞాపకంగా గజల్ రాశారు. అలీ సర్దార్ జాఫ్రీ తీసిన కహ్‌కషాన్ టీవీ సీరియల్‌లో మఖ్దూం పాత్ర వేసింది మర్హూం ఇర్ఫాన్ ఖాన్.

1969 ఆగస్టు 25న ఢిల్లీలో గుండెపోటుతో మఖ్దూం ఇంతెకాల్ అయ్యారు. వయసు 61. హైదరాబాద్‌కు తెచ్చి దర్గా హజ్రత్ షా ఖామోష్ ఆవరణలో దఫనం చేశారు. ఎర్ర జెండా మోసిన మనిషి చివరికి ఒక సూఫీ బుజుర్గ్ పక్కన నిద్రపోయారు. ఖామోష్ అంటే మౌనంగా ఉన్నవారు. ఊరుకోవద్దని రాసిన షాయర్‌కు ఆ చోటు దొరికింది.

హుజూర్‌నగర్, కోదాడ, మిర్యాలగూడ ఊళ్లల్లో పిల్లలకు ఆయన్ను సినిమా పాటల కవిగా మాత్రమే చెబితే సగమే చెప్పినట్టు. ఇంట్లో పిల్లలకు ఇక్బాల్, గాలిబ్ గురించి చెప్పేటప్పుడు మన పక్క నియోజకవర్గం ఎమ్మెల్యే గురించి కూడా చెప్పాలి. అనాథగా మసీదు ఊడ్చి, ఫోటోలు అమ్మి చదివిన కుర్రవాడు లెక్చరర్ ఉద్యోగం ఎందుకు వదిలాడో, తెలుగు రైతులు ఉర్దూ షాయర్‌కు ఎందుకు ఓటు వేశారో వాళ్లకు తెలియాలి. రేషన్ కార్డు, స్కాలర్‌షిప్, కాలువ నీళ్లు, ఆస్పత్రి మంచం, ఏదైనా సరే, ఆఫీసు ముందు చేతులు కట్టుకుని బతిమాలే పని లేదనీ, అది తమ వాటా అనీ ఆ కథ విన్న పిల్లలకు ఎవరూ వేరేగా చెప్పనక్కర్లేదు.